మించాలంటే ముందు కొలత కావాలి

"వాడిని చూసైనా నేర్చుకోరా!"

ఈ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారు? పక్కింటి కుర్రాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన రోజున, బాబాయిగారి అమ్మాయి అమెరికా విమానం ఎక్కిన రోజున, తోటికోడలు కొత్త ఇంటికి శంకుస్థాపన చేసిన రోజున. మించమని పురమాయించేవాళ్లకు కొదవ లేదు. ఎలా మించాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ అధ్యాయం ఆ పనికోసమే.

ముందుగా, మించడానికి ఇంగ్లీషువాళ్లు వాడే ఒక క్రియ సంగతి చూద్దాం. ఎక్సెల్ అనగానే మనవాళ్లకు కంప్యూటర్‌లో గళ్ల షీటు గుర్తొస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆ పేరుతో సాఫ్ట్‌వేర్‌ని 1985లో తెచ్చింది, మొదట మెకింతోష్ యంత్రాలకు. క్రియ మాత్రం సుమారు 600 ఏళ్ల నుంచీ ఇంగ్లీషులో ఉంది. దాని పుట్టిల్లు లాటిన్. అక్కడ ఎక్సెల్లెరె అంటే పైకి లేవడం, మిగతావాటికంటే ఎత్తుగా కనబడడం. ఎత్తైనదాన్ని లాటిన్‌లో సెల్సుస్ అంటారు, కొండను కొల్లిస్ అంటారు. ఇవన్నీ ఒకే ధాతువు పిల్లలు. ఇంగ్లీషువాడి హిల్ కూడా ఈ బంధువర్గమే. నిలువు స్తంభానికి వాడే కాలమ్ అన్న మాటా అంతే. అంటే మన ఎక్సెల్ షీటు పేరుకీ, అందులో ఉండే కాలమ్‌కీ చుట్టరికం ఉందన్నమాట. పేరు పెట్టినవాళ్లు ఇంత ఆలోచించి ఉండరు లెండి.

ఈ క్రియ నడకలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. పాతకాలపు ఇంగ్లీషులో ఫలానావాడిని ఎక్సెల్ చేశాడు అని నేరుగా రాసేవారు. ఇప్పుడు ఫలానా పనిలో ఎక్సెల్ అయ్యాడు అంటున్నారు. ఒకప్పుడు మనిషి పేరు ఉండే చోటికి ఇప్పుడు పని పేరు వచ్చి కూర్చుంది. మన గోదావరి జిల్లాల్లో చాలామంది తిప్పలన్నీ ఈ రెంటినీ కలిపేయడంవల్లే వస్తున్నాయని నా అనుమానం.

నమ్మకం లేదా? సంక్రాంతికి చూడండి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల కొత్త అల్లుడికి ఒకరు వంద రకాలు వడ్డిస్తే, మరుసటి ఏడాది ఇంకొకరు రెండు వందలు దాటిస్తారు. పేపర్లో ఫోటో పడుతుంది. పాపం ఆ అల్లుడు వాటిలో ఏం తినగలడు? ఎదుటివాడి అంకె దాటడమే అక్కడ పని. వంట బాగుందా లేదా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. అదే పండగలో కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు వెళ్లండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెదురుతో ఎత్తుగా కట్టిన ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. మా ఊరి ప్రభ ఎత్తు అంటే మా ఊరిది అన్న పంతం అక్కడా ఉంటుంది. కానీ గంగలకుర్రు కుర్రాళ్లు అంత ప్రభనూ భుజాల మీద పెట్టుకుని కౌశిక పాయలో దిగి అవతల ఒడ్డుకు చేర్చాలి. వెదురు కట్టు సరిగ్గా లేకపోతే, అడుగులు కలవకపోతే, పంతం నీళ్లలో పడుతుంది. పంతానికి పనితనం తోడైతే ఎలా ఉంటుందో 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కూడా చూసింది, మన రాష్ట్ర శకటం మీద ఆ ప్రభల తీర్థమే ఊరేగింది.

కాబట్టి పోటీ వద్దని నేను చెప్పను. "నీతో నువ్వే పోటీపడు" అనే మాట వినడానికి హాయిగా ఉంటుంది. అది చాలాసార్లు బద్ధకానికి దుప్పటి కప్పుతుంది. నిన్నటికంటే ఇవాళ కాస్త బాగా చేశానని ఎవరికి వారు మార్కులేసుకుంటే అడిగేవాడెవడు? పక్కన ఒక మనిషి ఉంటేనే మన ఎత్తు తెలుస్తుంది. ఆ మనిషిని ఎలా వాడుకోవాలో ఇప్పుడు చూద్దాం.

1. ఒక పేరు, ఒక పని

ఒక కాగితం తీసుకుని ఎవరిని మించాలనుకుంటున్నారో రాయండి. ఒక్కరి పేరే. పక్కన ఎందులో అన్నది రాయండి. అదీ ఒక్కటే.

చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. "మా ఆఫీసులో అతనిలా అవ్వాలండీ" అంటారు. అతనిలా అంటే? అతని జీతమా, ఇంగ్లీషా, మేనేజరు ముందు జంకు లేకుండా మాట్లాడడమా, కారా? అన్నీ కలిపి మోయబోతే భుజం దిగిపోతుంది. "కస్టమరు కోపంగా ఫోను చేస్తే అతను చల్లబరిచే తీరు నాకంటే బాగుంది, దానిలో అతన్ని దాటాలి" అని రాయగలిగారా? అప్పుడు రేపు పొద్దున్నే ఏం చెయ్యాలో తెలుస్తుంది. అతను ఫోనెత్తినప్పుడు పక్కన నిలబడి వినాలి.

పేరు రాయడానికి మనసొప్పడం లేదా? అది అసూయేమోనని బెరుకా? కాగితం మీద పెట్టేసరికి అసూయలో సగం చస్తుంది, మిగతా సగం పనికి ఇంధనమవుతుంది. ఆ కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు.

2. ఏ అంకె పట్టుకున్నారు?

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి మీకు తెలిసే ఉంటాడు. 2000లో పుట్టాడు. బ్యాడ్మింటన్‌లో అతని స్మాష్ అంటే ఎదుటివాళ్లకు హడల్. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో యోనెక్స్ వాళ్ల ఫ్యాక్టరీ జిమ్‌లో అతను కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. అంతకుముందు మలేసియా ఆటగాడు తాన్ బూన్ హ్యోంగ్ పేరున, 2013 నుంచీ 493 కిలోమీటర్ల రికార్డు ఉండేది. ఒక్క దెబ్బతో 72 కిలోమీటర్లు దాటించి గిన్నిస్ పుస్తకంలోకెక్కాడు. మించడమంటే ఇంతకంటే స్పష్టంగా ఏముంటుంది?

కాస్త ఆగండి. ఆ రికార్డు మ్యాచ్‌లో కొట్టింది కాదు, వేగం కొలవడానికే ఏర్పాటు చేసిన పరీక్షలో కొట్టింది. మ్యాచ్ సంగతి వేరు. సాత్విక్, అతని జోడీ చిరాగ్ శెట్టి కలిసి మలేసియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్‌లతో తలపడిన మొదటి ఎనిమిది సార్లూ ఓడిపోయారు. ఆ ఎనిమిది సార్లూ సాత్విక్ చేతిలో ఆ బలమైన స్మాష్ ఉంది. సర్వీసు, సర్వీసు అందుకోవడం, నెట్ దగ్గర చురుకు, ఇద్దరూ చోట్లు మార్చుకోవడం, ఆఖరి పాయింట్ల దగ్గర నిబ్బరం, ఇవన్నీ కలిస్తేనే డబుల్స్ ఆట. 2023 జూన్‌లో జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో, తొమ్మిదోసారి, 21-17, 21-18తో గెలిచారు. సూపర్ 1000 స్థాయి డబుల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత జంట అయ్యారు.

ఇప్పుడు మీ సంగతికి రండి. మీరు పట్టుకున్న అంకె స్మాష్ వేగమా, మ్యాచ్ ఫలితమా?

ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం పెట్టిన ఒక ఆవిడ అనుకోండి. రోడ్డుకి అవతలి దుకాణం బోర్డు పెద్దదని తనూ పెద్ద బోర్డు పెట్టించింది. వాళ్లు పది రకాలు అమ్ముతున్నారని తను పదిహేను పెట్టింది. అమ్మకం కదలలేదు. లోపల బోర్లించిన కుండ దగ్గర కూర్చున్న పనమ్మాయిని అడిగితే అసలు సంగతి తెలిసేది. మంట ఎగుడుదిగుడుగా ఉంటే కుండ ఒకచోట మాడి, ఒకచోట చల్లబడుతుంది. పిండిలో ముంచిన గుడ్డ దాని మీద పరిచి లాగితే రేకు ఒకపక్క మందంగా, ఒకపక్క చిల్లులుగా వస్తుంది. ఆ రేకులో నెయ్యి, బెల్లం చుడితే పొట్లం విప్పేసరికి పొడిపొడి. ఈవిడ పెట్టుకోవలసిన లెక్క రెండే: వంద రేకులు తీస్తే చిరిగినవి ఎన్ని, ఒకసారి కొన్నవాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ గుర్తింపు ఊరందరిదీ, ఎవరి రేకు వాళ్లే తీసుకోవాలి.

3. ఓటమిని విప్పి చూడండి

ఎనిమిది సార్లు ఓడినవాళ్లు తొమ్మిదోసారి కోర్టులోకి దిగారంటే, మధ్యలో ఏదో పని జరిగి ఉండాలి. ఊరికే పట్టుదల ఉంటే చాలదు. సాత్విక్, చిరాగ్‌లకు ఆ రోజుల్లో కోచ్ డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో. ఆయన స్వయంగా 2012 ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం గెలిచినవాడు. ఓటమిని చదవాలంటే ఆ మెట్టు ఎక్కినవాడు పక్కన ఉండాలి.

మీకు అంత కోచ్ లేకపోవచ్చు. బ్యాంకు పరీక్షకు చదివే అమ్మాయి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చదువుతోంది అనుకుందాం. ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలు, గంట సమయం, తప్పుకి పావు మార్కు కోత. మాక్ టెస్టులో స్నేహితురాలికి 68, తనకి 59. మామూలుగా ఏం చేస్తాం? దిగులుపడి ఇంకో మాక్ టెస్టు రాస్తాం. మళ్లీ 59.

అలాకాదు. ఆ పోయిన మార్కులను నాలుగు కుప్పలుగా పోయండి. తెలియక తప్పినవి. తెలిసీ తొందరలో తప్పినవి. ఊహించి గురి తప్పినవి. సమయం చాలక ముట్టనివి. నాలుగింటికీ మందు వేరు. మూడో కుప్ప పెద్దదైతే చదవడం పెంచక్కర్లేదు, ఊహించడం తగ్గించాలి. నాలుగో కుప్ప పెద్దదైతే ఏ ప్రశ్నను వదిలెయ్యాలో నేర్చుకోవాలి. తర్వాత ఆ స్నేహితురాలి పేపరు అడిగి తీసుకోండి. మొహమాటం ఎందుకు? ఆమె వదిలేసిన ప్రశ్నలేమిటో చూడండి. మీరు మూడు నిమిషాలు కుస్తీ పట్టిన ప్రశ్నను ఆమె చూసీ చూడనట్టు దాటేసి ఉంటుంది. తొమ్మిది మార్కుల తేడాలో చాలాభాగం అక్కడే దొరకొచ్చు.

4. గోల మధ్య సాధన చెయ్యండి

తలుపులు బిగించుకుని, ఫోను ఆపేసి సాధన చేసినవాడు పరీక్ష హాల్లో పక్కవాడు దగ్గితే కంగారుపడతాడు. దీనికి మనవాళ్లు ఎప్పుడో కట్టుదిట్టమైన పద్ధతి కనిపెట్టారు: అవధానం.

అష్టావధానం చూశారా? అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు మరీ మొండివాడు, అవధాని నోట ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి అది వాడకూడదంటాడు. ఒకాయన మధ్యమధ్య గంట కొడుతుంటాడు, ఎన్ని కొట్టాడో లెక్క గుర్తుండాలి. ఇంకొకాయన పని అచ్చంగా గోల చెయ్యడమే. అప్రస్తుత ప్రసంగం పేరుతో "అవధానిగారూ, మీ ఆవిడ ఇవాళ ఏం కూర చేశారు?" అంటాడు. నవ్వి జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి రావాలి. ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చొప్పున తిరిగి, చివర్లో అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు.

ఈ విద్యను ఊరూరా ప్రజల ముందుకు తెచ్చి ఊపేసిన జంట మన గోదావరి వాళ్లే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం దగ్గర యండగండిలో 1872లో పుట్టారు. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. తిరుపతి వేంకట కవులుగా గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాలన్నీ తిరిగారు. ఎక్కడికెళ్లినా కొత్త పృచ్ఛకులే, తెలియని ప్రశ్నలే.

మీరు పద్యం చెప్పక్కర్లేదు. వారానికి ఒకసారి మీ పనికి ఒక అప్రస్తుత ప్రసంగిని పెట్టుకోండి. ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్నారా? తమ్ముణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వెయ్యమనండి. అమ్మకాల్లో ఉన్నారా? బేరం చెడగొట్టే కస్టమరు వేషం మీ మిత్రుడికివ్వండి. మొదటి రోజు మాట తడబడుతుంది. తడబడడానికే ఆ రోజు, కంగారుపడకండి.

5. జంట ఎవరు?

మించడమంటే ఒంటరి పరుగని ఎవరు చెప్పారో గానీ మన జిల్లాల అనుభవం అలా లేదు. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ వెనక కోర్టు నుంచి బాదే రకమే. వాళ్లిద్దర్నీ కలిపినవాడు అప్పటి కోచ్ తాన్ కిమ్ హెర్. ఒక్కరైనా ముందుకొచ్చి నెట్ దగ్గర ఆడడం నేర్చుకోక తప్పలేదు. తిరుపతి వేంకట కవులదీ అదే దారి. ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ వెయ్యాలని ఒప్పందం. తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు బతికిన వేంకటశాస్త్రి ఆ జంట పేరు వదల్లేదు.

మీకు జంటను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: నేను తప్పు చేస్తే ఈ మనిషి మొహం మీదే చెబుతాడా? చెప్పకపోతే మంచి స్నేహితుడే కావచ్చు, జంట మాత్రం కాడు.

6. మీసం ఎప్పుడు పెంచాలి?

తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచారు. ఆ రోజుల్లో వైదిక పండితులు మీసాలు పెంచడమంటే తప్పుకింద లెక్క. ఎవరో ఎత్తిపొడిచారు. దానికి వాళ్లు పద్యంలోనే బదులిచ్చారు: తప్పని తెలిసే పెంచాం, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవులమని చెప్పడానికి, మమ్మల్ని గెలిచిన కవి ఎవరైనా ఉంటే మీసం తీసి నమస్కరిస్తాం. చాలామంది తెలుగువాళ్లకు ఈ పద్యం కంఠతా వచ్చు. అందులోని పొగరే మనకు గుర్తుంటుంది. లోపల ఉన్న జాగ్రత్త గమనించారా? ఏ విద్యలో సవాలో చెప్పారు. ఓడితే ఏం చేస్తారో చెప్పారు. పైగా అది చెప్పిన తీరే వాళ్ల విద్యకు రుజువు. మీరు నలుగురిలో ఏదైనా ప్రకటించబోతే ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. "చూస్తూ ఉండండి, ఏడాదిలో నేనేంటో చూపిస్తా" అన్న వాట్సాప్ స్టేటస్‌లో మూడింట్లో ఒక్కటీ ఉండదు.

ఇందులో చేదు కూడా ఉంది. ఆ పోటీ పంతం ముదిరి ఏళ్ల తరబడి వాదాలయ్యాయి. పిఠాపురం ఆస్థానంలోని వేంకట రామకృష్ణ కవులతో ఒకపక్క, కొప్పరపు సోదర కవులతో ఒకపక్క. ఖండనలు, ప్రతిఖండనలు, కరపత్రాలు. వాటిని ఇవాళ పరిశోధకులు తప్ప ఎవరు చదువుతున్నారు? తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాలు నాటకాల్లోని పద్యాలు మాత్రం పల్లెల్లో స్టేజీ కడితే ఇప్పటికీ వినబడతాయి, హార్మోనియం శ్రుతి అందుకోగానే ముందు వరసలో తాతయ్యలు కలిసి పాడేస్తారు. ఎదుటివాడికి జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ మీ పాండవోద్యోగం ఒక రోజు ఆలస్యమవుతుందని లెక్కేసుకోండి. ఆఫీసు గ్రూపులో రాత్రి పదకొండింటికి వాదించేవాళ్లకు ఈ లెక్క మరీ అవసరం.

7. మించాక

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మనకు సామెత ఉంది. మించడం ఒకసారి చేసి దాచుకునే వస్తువు కాదు. 2023లో ఆ మలేసియా జంటను గెలిచిన సాత్విక్, చిరాగ్ అదే ఏడాది ఆసియా క్రీడల సెమీఫైనల్లోనూ వాళ్లను దాటి స్వర్ణం తెచ్చారు, ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో అదే చియా, సో. మొదటి గేము 21-13తో మనదే. తర్వాతి రెండూ 14-21, 16-21తో పోయాయి. పతకం పోయింది. 2025 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ మళ్లీ పారిస్‌లోనే. మళ్లీ క్వార్టర్‌ఫైనల్, మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి రెండు గేముల్లోనే ముగించి కాంస్యం ఖాయం చేసుకున్నారు. రేపు తలపడితే ఎవరు గెలుస్తారో నేను పందెం కాయను.

ఇక మీ దగ్గర నేర్చుకున్నవాడే మిమ్మల్ని దాటిపోతే? చెళ్లపిళ్ల వారికి బందరు హైస్కూల్లో విశ్వనాథ సత్యనారాయణ శిష్యుడు. ఆ శిష్యుడు తన రామాయణ కల్పవృక్షం మొదట్లో ఒక పద్యం పెట్టాడు. నన్నయకు గానీ, తిక్కనకు గానీ పట్టని భోగం మా గురువుగారికి పట్టింది, నాలాంటివాడు శిష్యుడయ్యాడు కదా అని దాని భావం. నన్నయ అంటే ఈ రాజమహేంద్రవరంలోనే భారతం మొదలుపెట్టిన ఆదికవి! గురువుని పొగుడుతున్నాడో తనను తాను పొగుడుకుంటున్నాడో తెలియని చమత్కారం అది. 1970 సంవత్సరానికి తెలుగుకు తొలి జ్ఞానపీఠం ఆ పుస్తకానికే వచ్చింది.

మీ దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? షాపులో కుర్రాడో, ఆఫీసులో జూనియరో, ఇంట్లో చెల్లెలో? ఒకటో అంశంలో రాసిన కాగితం వెనక్కి తిప్పి వాళ్ల పేరు రాయండి. వాళ్లు మీకంటే బాగా చేస్తున్న పని ఒక్కటి పక్కన రాయండి. ఆదివారం వాళ్లను పిలిచి, అది ఎలా చేస్తున్నారో అడగండి. వాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డు తగలకండి.